ఆ పట్టికలో ఒక వరస తక్కువైంది

ఎడిటర్ గారికి,

నమస్కారం. పోయిన సోమవారం మీ పేపర్‌లో చదువుల పేజీలో ఇంగ్లిష్ సాహిత్య యుగాల పట్టిక ఒకటి వేశారు. మాది విజయవాడ గవర్నర్‌పేటలో చిన్న జిరాక్స్, డీటీపీ షాపు. ఆ సోమవారం మధ్యాహ్నం నుంచి బుధవారం రాత్రి షట్టర్ దించేదాకా ఆ ఒక్క పేజీనే నూట అరవై కాపీలు తీశాను. జేఎల్‌కి, డీఎస్సీకి, నెట్‌కి (టీచర్, లెక్చరర్ ఉద్యోగాల పరీక్షలకి) తయారయ్యే పిల్లలు పేపర్ మడత పెట్టుకుని వచ్చారు. "మడత దగ్గర అక్షరాలు పోకుండా తీయండి ఆంటీ" అని ఒకటికి రెండుసార్లు చెప్పి మరీ తీయించుకున్నారు. అంతమంది దాచుకున్న పేజీ కాబట్టే దానిలో తక్కువైనదాన్ని, అంటే ఆ కాలంలో జనం ఎలా బతికారో, పుస్తకాలు ఎవరు కొని చదివారో చెప్పే వరసను, మీకు చెప్పాలనిపించింది.

పట్టికలో మూడు నిలువు వరసలు ఉన్నాయి. యుగం పేరు, సంవత్సరాలు, రచయితలు. తప్పులేమీ లేవు. కానీ కాపీలు తీయించుకున్న వాళ్లలో మైలవరం వైపు నుంచి బస్సులో వచ్చి చదువుకునే ఒకమ్మాయి కౌంటర్ దగ్గరే నిలబడి స్కెచ్ పెన్నుతో గీతలు గీసుకుంటూ అడిగింది, "ఆంటీ, 1660 రెస్టొరేషన్ అని ఉంది కదా, అసలు ఏం రిస్టోర్ చేశారు?" అని. ఆ అమ్మాయి ఎంఏ ఇంగ్లిష్ ఫస్ట్ క్లాస్‌లో పాసైంది. 1660 అంటే చాలు, ఆ యుగం నాటకకర్తలు డ్రైడెన్, కాంగ్రీవ్, విచర్లీ అని గుక్క తిప్పుకోకుండా చెబుతుంది. ఏం తిరిగొచ్చిందో మాత్రం ఆ రెండేళ్లలో ఎవరూ చెప్పలేదట.

ఇందులో తన తప్పేం లేదు. పదకొండేళ్లుగా ఇక్కడి కోచింగ్ సెంటర్ల నోట్సు టైప్ చేస్తున్నది నేనే. ఒక నోట్సులో "1660 – నాటకశాలల మూసివేత" అని ఉంటుంది. అది తలకిందులైన మాట. మూసింది 1642లో, రాజుతో అంతర్యుద్ధం మొదలైనప్పుడు, ఇంగ్లండ్ పార్లమెంటు. 1649లో రాజు తల తీశారు. పద్దెనిమిదేళ్లు నాటకశాలలు మూతపడే ఉన్నాయి. 1660లో ఆ రాజు కొడుకు తిరిగొచ్చి గద్దెనెక్కితే, అంటే రాజరికం రిస్టోర్ అయితే, నాటకశాలలు తెరుచుకున్నాయి. అంతకుముందు ఆడవేషాలు మగపిల్లలు కట్టేవారు, ఆ తర్వాత ఆడవాళ్లే స్టేజీ ఎక్కారు. అప్పటి నాటకాల్లో ఆడపాత్రలు మగవాళ్లతో మాటకు మాట అనడం ఆ మార్పుతోనే పెరిగింది. ఈ తప్పు గురించి ఆ సెంటర్ వాళ్లకు మూడుసార్లు చెప్పాను. "మీరు ఉన్నది ఉన్నట్టు టైప్ చేయండి మేడం, చాలు" అన్నారు. ప్రతి జూన్‌లో అదే ఫైలు, అదే తప్పు, కొత్త అట్ట, స్పైరల్ బైండింగ్. నా చేత్తోనే వేసి ఇస్తున్నాను కాబట్టి ఆ బాధ నాకు ఎక్కువ.

ఇది చెప్పడానికి నువ్వెవరు అంటారేమో. మా నాన్న గవర్నర్‌పేటలోనే ఒక ప్రెస్సులో కంపోజిటర్. ముప్పై ఏళ్లు సీసపు అక్షరాలు ఏరి పేర్చారు. తెలుగుకి వత్తులు, గుణింతాలు అన్నీ కలిపి ఎన్ని గళ్లో, ఆయన చెయ్యి చూడకుండానే ఆ గడిలోకి వెళ్లేది. ఏ పుస్తకం చేతికిచ్చినా ఆయన ముందు కథ చూసేవారు కాదు. అట్ట తిప్పి, ప్రతులు ఎన్ని, వెల ఎంత అని అచ్చువేసిన పేజీ చూసేవారు. "ప్రతులు వెయ్యి, వెల పన్నెండు రూపాయలు. అంటే ఎవరికోసం రాశాడో తెలిసిపోయింది" అనేవారు. చాలా ఏళ్ల తర్వాత, షాపు చూసుకుంటూ దూరవిద్యలో ఎంఏ ఇంగ్లిష్ కట్టినప్పుడు నాకు ఆ పాఠాలు బుర్రకెక్కింది నాన్న అలవాటుతోనే. ప్రతి యుగం దగ్గరా అదే అడుక్కున్నాను. ఎన్ని ప్రతులు, ఎంత వెల, కొన్నది ఎవరు, చదవడం వచ్చినవాళ్లు ఎవరు. మీ పట్టికలో తక్కువైన వరస అదే.

చాసర్‌నే తీసుకోండి. మీ పట్టికలో "ఏజ్ ఆఫ్ చాసర్" ఎదురుగా సంవత్సరాలు మాత్రమే ఉన్నాయి. 1348లో ఇంగ్లండ్‌కు ప్లేగు వచ్చింది. మూడోవంతుకు తక్కువ కాకుండా జనం పోయారు. పొలాల్లో పనిచేసే మనిషి దొరకలేదు, మిగిలినవాళ్లు కూలి పెంచమన్నారు. 1351లో కూలి పెంచకూడదని చట్టం చేశారు. 1381లో రైతులు తిరగబడి లండన్ మీదకు వచ్చారు. ఈ మధ్యలోనే, 1362లో, కోర్టుల్లో వాదనలు ఫ్రెంచ్‌లో కాదు ఇంగ్లిష్‌లో జరగాలని చట్టం వచ్చింది. పెద్దవాళ్ల భాష ఫ్రెంచ్, చర్చి భాష లాటిన్. అలాంటి ఊళ్లో చాసర్ అనే మనిషి, వైన్ వ్యాపారి కొడుకు, లండన్ రేవులో ఉన్ని మీద సుంకం లెక్కలు చూసే ఉద్యోగి, ఇంగ్లిష్‌లో కథలు కట్టాడు. ఆయన కథల్లో యాత్రకు బయల్దేరిన గుంపులో వీరుడితో పాటు పిండిమర వాడున్నాడు, వంటవాడున్నాడు, బట్ట నేయడంలో ఆరితేరిన, ఐదుగురు భర్తలను చూసిన ఆవిడ ఉంది. ప్లేగుకు ముందు అయితే వీళ్లందరికీ కావ్యంలో చోటు ఎక్కడిది? ఇది చెబితే చాసర్ సంవత్సరాలు బట్టీ పట్టక్కర్లేదు, వాటంతటవే గుర్తుంటాయి.

1476లో కాక్స్‌టన్ వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాడు. నోట్సుల్లో ఇది ఒక్క బిట్టు. నాకు మాత్రం ఆయన 1490లో ఒక పుస్తకానికి రాసిన ముందుమాటలోని సంగతి ఎప్పటికీ మరపురాదు. కొందరు వ్యాపారులు ఓడ ఆగిపోతే కెంట్ తీరంలో దిగి ఒక ఇంట్లో "ఎగ్స్" అడిగారు. ఆ ఇల్లాలు "నాకు ఫ్రెంచ్ రాదు" అంది. అడిగినాయనకు కోపం వచ్చింది, ఎందుకంటే ఆయనకూ ఫ్రెంచ్ రాదు, గుడ్లే అడిగాడు. పక్కనున్నతను "ఐరెన్" అన్నాక ఆవిడకు అర్థమైంది. గుడ్డుకు ఒకే దేశంలో రెండు మాటలు. ఇక నేను ఏది అచ్చువేయాలి అని కాక్స్‌టన్ వాపోయాడు. నాన్నకు ఇది చెబితే ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, శ్రీకాకుళం రచయిత పుస్తకం వచ్చినప్పుడు ప్రూఫుల దగ్గర మాటమాటకీ ఆగిపోయిన రోజులు చెప్పారు. నాన్న దిద్దేస్తే రచయిత కళ్లనీళ్లు పెట్టుకున్నాడట, మా ఊరి మాట తీసేశారేమని.

షేక్‌స్పియర్ గురించి పిల్లలకు నేను చెప్పాల్సిన పని లేదు. ఒక్క పెన్నీ ఇస్తే నేలమీద నిలబడి నాటకం చూడొచ్చు అన్నది మాత్రం ఆ వరసలో రాయాలి. రాజుగారి ముందు ఆడిన నాటకమే ఆ పెన్నీ మనిషి కూడా చూశాడు, అందుకే అందులో రాజు మాటా ఉంటుంది, సమాధులు తవ్వేవాడి మాటా ఉంటుంది.

మిల్టన్ 1667లో తన మహాకావ్యం ప్రింటర్‌కు అమ్మితే చేతికి వచ్చింది ఐదు పౌండ్లు. పదమూడు వందల ప్రతులు అమ్ముడుపోయాక ఇంకో ఐదు. కళ్లు పోయి, నమ్మిన ప్రభుత్వం పోయి ఉన్న మనిషికి. రచయితకు తన పుస్తకం మీద హక్కు ఉంటుందని చట్టం ఒప్పుకున్నది 1710లో. అంతకుముందే, 1695లో, అచ్చుకు ముందస్తు అనుమతి కావాలన్న చట్టాన్ని పార్లమెంటు పొడిగించకుండా వదిలేసింది. కొత్త పేపర్లు పుట్టాయి, కాఫీ హోటళ్లలో చదివి వినిపించుకున్నారు. వచనం పెరిగింది అంటే ఇదీ కారణం. పద్దెనిమిదో శతాబ్దానికి "ఏజ్ ఆఫ్ ప్రోజ్ అండ్ రీజన్" (వచనం, హేతువుల యుగం) అని ఊరికే పేరు పెడితే ఏం తెలుస్తుంది?

1740లో ఒక ప్రింటర్, యాభై ఏళ్లు దాటాక, నవల రాశాడు. రిచర్డ్‌సన్. ఉత్తరాలు రాయడం రానివాళ్లకు మాదిరి ఉత్తరాల పుస్తకం చేసిపెట్టమని అడిగితే ఆ పనిలోంచి ఆయనకు నవల తట్టింది. అందులో కథానాయిక రాణి కాదు, ఒక పనిమనిషి. పమేలా. దాదాపు పేజీ పేజీ ఆ పిల్ల రాసుకున్న ఉత్తరాలూ డైరీ రాతలే. యజమాని చెయ్యి పట్టుకుంటే ఏం చేయాలో, ఎక్కడ దాక్కోవాలో, ఎవరికి చెప్పుకోవాలో. ఇళ్లలో పనిచేసే అమ్మాయి మనసుకు వందల పేజీలు ఇచ్చిన ప్రింటర్ అంటే నాకు గౌరవం.

ఇప్పుడు నాకు బాగా కోపం వచ్చే చోటుకు వస్తాను. రొమాంటిక్ యుగం. నోట్సులన్నిట్లో ఒకటే మాట, "ప్రకృతి ప్రేమ". 1798, వర్డ్స్‌వర్త్, కోల్‌రిడ్జ్, ప్రకృతి ప్రేమ, పది మార్కులు. అప్పటిదాకా ప్రకృతి లేదా? ఊరుమ్మడి బీళ్లకు కంచెలు వేసి పెద్ద రైతులకు రాసిచ్చే చట్టాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఆవును మేపుకునే చోటు, పుల్లలు ఏరుకునే చోటు పోయాయి. 1770లోనే గోల్డ్‌స్మిత్ ఖాళీ అయిన పల్లెటూరి మీద పద్యం రాశాడు. జనం మిల్లులున్న ఊళ్లకు పోయారు. 1789లో ఫ్రాన్స్‌లో విప్లవం వచ్చింది, ఈ కుర్ర కవులంతా దాన్ని చూసి పొంగిపోయి, తర్వాత రక్తపాతం చూసి కుంగిపోయారు. వర్డ్స్‌వర్త్ మామూలు పల్లెటూరి మనుషుల మాటలో కవిత్వం రాస్తానన్నది ఈ నేపథ్యంలో. చెట్టుమీద, కొండమీద ప్రేమ ఒక్కటే కాదు అది. పోతున్నదాన్ని పట్టుకోవడం.

బ్లేక్ చెక్కుడు పని చేసే మనిషి. తన పద్యాలు రాగి రేకు మీద తనే చెక్కి, తనే అచ్చువేసుకుని, భార్యతో కలిసి రంగులు వేసుకున్నాడు. 1789లో పొగగొట్టాలు దులిపే పిల్లాడి మీద పద్యం రాశాడు. తల్లి చచ్చిపోతే తండ్రి అమ్మేసిన పిల్లాడు. "స్వీప్, స్వీప్" అని వీధిలో కేకేయాలి. ఆ మాట కూడా నోరు తిరగని వయసు, "వీప్, వీప్" అని వస్తుంది. ఇంగ్లిష్‌లో వీప్ అంటే ఏడవడం. ఎనిమిదేళ్లలోపు పిల్లలను ఆ పనికి పెట్టకూడదని 1788లో చట్టం చేశారు, ఎవరూ పట్టించుకోలేదు. ఈ పద్యం ఎదురుగా "ప్రకృతి ప్రేమ" అని టైప్ చేసేటప్పుడు నా వేళ్లు ఆగిపోతాయి సార్.

బైరన్ గురించి నోట్సుల్లో ఆయన ప్రేమ వ్యవహారాలే ఉంటాయి. 1812 ఫిబ్రవరి 27న ప్రభువుల సభలో ఆయన చేసిన మొదటి ప్రసంగం నేతగాళ్ల తరఫున. నాటింగ్‌హామ్‌లో మేజోళ్లు అల్లే కొత్త మగ్గాలు విరగ్గొట్టిన వాళ్లకు ఉరిశిక్ష వేయాలని బిల్లు తెస్తే, ఆకలితో ఉన్నవాళ్లను ఉరి తీస్తారా అని లేచి అడిగాడు. బిల్లు ఆగలేదు. మనకు కూతవేటు దూరంలో మంగళగిరి ఉంది. మగ్గం మీద కూర్చునే ఇంటి పిల్లలు ఇంగ్లిష్ ఎంఏలో ఉన్నారు. ఆ ప్రసంగం గురించి ఒక్క ముక్క చెబితే బైరన్ వాళ్లకు పరాయి దొరలా కనబడడు. ఇంగ్లండ్‌లోని లాంకషైర్ మిల్లు బట్ట తర్వాత మన మగ్గాలను ఏం చేసిందో వాళ్ల తాతలకు తెలుసు.

విక్టోరియన్ యుగం 1832తో మొదలుపెడతారు కొందరు, అక్కడ ఓటుహక్కు చట్టం మారిన సంవత్సరమని. అదే 1832లో మన గుంటూరు సీమలో నందన కరువు మొదలైంది, డొక్కల కరువు అని పెద్దలు చెప్పుకునేది. ఇక్కడ కుంఫిణీ పాలన, అక్కడ మధ్యతరగతికి ఓటు. ఒకే ఏడు. ఈ రెండూ పక్కపక్కన రాసుకున్న పిల్ల ఆ తేదీ జన్మలో మరిచిపోదు.

ఇక డికెన్స్. పన్నెండేళ్లకు బూటుపాలిష్ డబ్బాలకు కాగితాలు అంటించే పనికి పెట్టారు, అప్పుడే తండ్రి అప్పు తీర్చలేక జైలుకు పోయాడు. ఆ రోజుల్లో కొత్త నవల అంటే మూడు సంపుటాలు, వెల ముప్పై ఒక్క షిల్లింగులా ఆరు పెన్నీలు. కూలిమనిషి కొనలేడు. 1836లో డికెన్స్ నవలను నెలకో భాగం, భాగం షిల్లింగు చొప్పున వేశారు. చివరికొచ్చేసరికి నెలకు నలభై వేల ప్రతులు పోయాయి. వాయిదాల మీద ఫ్రిజ్ కొన్నట్టు నవల కొన్నారు జనం. చదవడం రానివాళ్లు చుట్టూ చేరి విన్నారు. ప్రతి భాగం చివర ఆయన కథను ఎందుకు అక్కడ ఆపుతాడో, ఒక్కో పాత్రకు ఒక ఊతపదం, ఒక నడక ఎందుకు పెడతాడో (నెల తర్వాత చదివేవాడికి ఆ మనిషి గుర్తుండాలి కదా) దీనితో తెలుస్తుంది.

మూడు సంపుటాలు కొనలేనివాళ్లు అద్దె లైబ్రరీకి పోయేవారు. 1842లో మ్యూడీ అనేవాడు పెట్టాడు, ఏడాదికి గినీ (ఇరవై ఒక్క షిల్లింగులు) చందా. ఒక నవలను మూడు ముక్కలు చేస్తే ఒకేసారి ముగ్గురికి అద్దెకివ్వొచ్చు, అందుకని నవలలన్నీ అంత పొడుగు. ఇంటిల్లిపాదీ చదవలేని పుస్తకం ఆయన కొనడు, అందుకని రచయితలు కలం అదుపులో పెట్టుకున్నారు. విక్టోరియన్ మర్యాద అని మనం రాసేదాంట్లో ఈ అద్దె షాపు వాటా ఎంతో ఉంది. 1894లో ఆ లైబ్రరీలే మూడు సంపుటాలు వద్దన్నాయి, నవల సైజు తగ్గింది. మా చిన్నప్పుడు మా వీధిలోనూ అద్దె పుస్తకాల బడ్డీ ఉండేది. అమ్మ, పక్కింటి పిన్నిగారు, ఇంకో ఇద్దరు కలిసి ఒక నవల తెచ్చుకుని, రాత్రికి ఒకరు, మధ్యాహ్నం ఒకరు చదివి మర్నాటికి ఇచ్చేసేవారు. ఆ అమ్మల కోసమే మన వారపత్రికల్లో సీరియల్స్ వచ్చాయి. అక్కడ బ్రాంటీ అక్కాచెల్లెళ్లు 1847లో మగపేర్లు పెట్టుకుని నవలలు అచ్చువేయించుకుంటే, మన దగ్గర ఆ సీరియల్స్ రోజుల్లో మగవాళ్లు ఆడపేర్లు పెట్టుకుని రాశారు. ఎవరు చదువుతున్నారన్నదాన్ని బట్టి రాసేవాళ్లు పేరు కూడా మార్చుకుంటారని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి.

1861లో కాగితం మీద పన్ను ఎత్తేశారు. కాగితం రిమ్ము రేటు పది రూపాయలు పెరిగితే నా షాపులో ఏమవుతుందో నాకు తెలుసు, కాబట్టి ఆ సంవత్సరం నాకు ఒక రాజు పట్టాభిషేకం కంటే పెద్దది. 1870లో పిల్లలందరికీ బడులు పెట్టే చట్టం, 1880లో బడికి తప్పక పంపాలన్న చట్టం. ఇరవై ఏళ్లకు లక్షలమంది కొత్త పాఠకులు. చౌక పత్రికలు, డిటెక్టివ్ కథలు. మరోవైపు, అందరూ చదివేది మేము రాయం అన్న మోడర్నిస్టులు, అంటే ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కొత్త పద్ధతిలో రాసినవాళ్లు. వాళ్ల రాత అంత కష్టంగా ఎందుకుందో పిల్లలు అడుగుతారు. మొదటి ప్రపంచయుద్ధం ఒక కారణం, అది నోట్సుల్లో ఉంటుంది. ఇది రెండోది, ఇది ఉండదు.

1922 దగ్గర మీ పట్టికలో ఇలియట్, జాయిస్ పేర్లు ఉన్నాయి. అదే 1922లో గుంటూరు జిల్లా వాడైన ఉన్నవ లక్ష్మీనారాయణ గారు జైల్లో రాసిన నవల "మాలపల్లి" అచ్చయింది, తర్వాత మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. పక్కన రాస్తే ఏం పోయింది? ఇంకొకటి, ఇది నాన్న కోసం రాస్తున్నాను. ఇలియట్ "ది వేస్ట్ లాండ్" 1923లో ఇంగ్లండ్‌లో పుస్తకంగా వచ్చినప్పుడు ఆ అక్షరాలు చేత్తో పేర్చింది వర్జీనియా వుల్ఫ్. భార్యాభర్తలు ఇంట్లో చిన్న ప్రెస్సు పెట్టుకున్నారు. అంత పెద్ద రచయిత్రి, కంపోజింగ్ స్టిక్ చేతిలో పట్టుకుని, అక్షరం అక్షరం తలకిందులుగా పేర్చి, అచ్చయ్యాక మళ్లీ ఏ గడి అక్షరం ఆ గడిలో వేసి. ఆడది రాయాలంటే ఏడాదికి ఐదొందల పౌండ్లు, తాళం వేసుకునే గది కావాలని ఆవిడ 1929లో రాసింది. సొంత అచ్చుయంత్రం ఉంటే ఏం దొరుకుతుందో తెలిసిన మనిషి రాసిన మాట అది.

1935లో పెంగ్విన్ వాళ్లు ఆరు పెన్నీలకు నవల అమ్మారు. 1948లో వెస్టిండీస్ నుంచి ఓడలో వలసవచ్చిన వాళ్ల ఇంగ్లిష్ ఎనిమిదేళ్లకల్లా లండన్ నవలకు కొత్త గొంతు ఇచ్చింది. ఇవి నోట్సుల్లో చివరి పేజీలు, ఎవరూ అంతదాకా రారు.

పిల్లలకు బిట్లు కావాలి, నాకు తెలుసు. ఉద్యోగం, వయసు, ఇంట్లో పెళ్లి మాటలు, ఆ టెన్షన్ రోజూ కౌంటర్ దగ్గర చూస్తున్నాను. పట్టిక తీసేయమని అడగడం లేదు. నాలుగో వరస ఒకటి కలపమంటున్నాను. పేపర్‌లో చోటు సరిపోకపోతే సోమవారానికి ఒక యుగం చొప్పున వేయండి. మన ఊళ్లో, గుంటూరులో ముప్పై ఏళ్లు పాఠం చెప్పి రిటైరైన లెక్చరర్లు ఎంతోమంది ఉన్నారు, అడిగితే కాదనరు. అచ్చులో తప్పు పడితే అది నాలాంటి వాళ్ల మిషన్ల మీద వేలసార్లు తిరుగుతుంది, కాబట్టి వేసేముందు ఒకరికి చూపించండి.

మైలవరం అమ్మాయి శుక్రవారం మళ్లీ వచ్చింది. ఆ జిరాక్స్ కాగితం వెనక స్కేలుతో గీత కొట్టి నాలుగో వరస తనే రాసుకుంటోంది. "ఆంటీ, 1870 దాకా అందరికీ బళ్లు లేవన్నారు కదా, మరి 1740లో ఆ పనిమనిషి పమేలాకి రాయడం ఎవరు నేర్పారు?" అంది. నా అల్మరాలో ఉన్న ఏ నోట్సులోనూ అది లేదు. నవలలో మొదటి ఉత్తరం తీసి ఇద్దరం చదివాం. చనిపోయిన యజమానురాలు తనకు రాయడం, లెక్కలు వేయడం నేర్పించిందని అక్కడే రాసుంది. ఆ ముక్క వరసలో రాసుకుని, "ఇప్పుడు రెండు కాపీలు తీయండి, ఒకటి మా హాస్టల్ ఫ్రెండ్‌కి" అని నా చేతికిచ్చింది. మీరు ఆ నాలుగో వరసతో పట్టిక వేసిన వారం నా షాపులో ఆ పేజీ కాపీకి డబ్బులు తీసుకోను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
గవర్నర్‌పేట, విజయవాడ.